సేనాపతి టేపు

మా బావ కుదురుగా కూర్చున్న ఆదివారం నాకు గుర్తులేదు. మా అక్కని చేసుకోకముందు నుంచే నాకు స్నేహితుడు. వృత్తికి దర్జీ, మా వీధికి సేనాపతి. వారమంతా బట్ట కోసే బల్లని ఆదివారం పొద్దున్నే యుద్ధరంగం చేసేస్తాడు మరి. పచ్చ గుడ్డ పరిస్తే మైదానం, దాని కింద పీలికలు కుక్కితే కొండ, నీలం రిబ్బను నది. వాటి మీద అంగుళం ఎత్తు సీసపు సైనికులు, అయిదువందల ఏళ్ల కిందటి వేషాల్లో. పొడుగు ఈటెల దండు, ఒత్తి అంటించి పేల్చే తుపాకులవాళ్లు, ఇనప తొడుగుల్లో గుర్రపు రౌతులు. అందరికీ గుండీలతో సహా రంగులేసింది ఆయనే.

ఏ దండు ఎన్ని అంగుళాలు కదలచ్చో పుస్తకంలో రాసుంటుంది. కొలిచి జరపాలి, ఢీకొన్నాక పాచికలు వెయ్యాలి. ఆయన తన మెడలో టేపుతో కొలుస్తాడు. నేను వడ్రంగిని కాబట్టి నా స్టీలు స్కేలు తెచ్చుకుంటాను. పదకొండేళ్లలో నేను గెలిచింది రెండుసార్లు. ఆ రెండుసార్లూ ఆయనకి జ్వరం.

మొన్న ఆదివారం మాత్రం ఆయన తీరు మరీ విడ్డూరంగా ఉంది. కత్తెర తెరుస్తాడు, మూస్తాడు. కిటికీ దాకా వెళ్తాడు, వస్తాడు.

"ఏంటి బావా, కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడు?"

"ఇదే ఆఖరి ఆట. కుట్టు మిషనూ ఈ బల్లా అమ్మేశాను, రేపు పట్టుకెళ్లడానికి వస్తున్నారు."

నాలుగు నెలలుగా ఒక హోటల్ సిబ్బందికి కోట్లు కుడుతున్నాడు. కొలతలు వాళ్లే కాగితం మీద రాసి పంపుతారు. మూడుసార్లు పంపితే మూడుసార్లూ వెనక్కొచ్చాయట, అన్నీ వదులేనని.

"చెయ్యి పోయింది," అన్నాడు వేళ్లు చూసుకుంటూ. "ముప్ఫై ఏళ్ల చెయ్యి."

"చెయ్యి కాదు, బుర్ర పోయింది. మూడ్రోజులుగా ఇదే పాట," అంది అక్క లోపల్నుంచి.

"మన వీధిలోవాళ్లెవరూ ఏమీ అనలేదుగా?" అన్నాను.

"మొహమాటం."

ఆట మొదలెట్టామన్నమాటే గానీ నా మనసు మనసులో లేదు. ఆ మిషన్ చప్పుడు లేని ఇల్లు ఊహకే అందలేదు. ఇంతలో ఆయన రౌతులు నా ఫిరంగి ఎదుటికొచ్చారు. టేపు పెట్టి చూసి, "సరిగ్గా పన్నెండు, రౌతులు కదలగలిగేదీ అంతే, అందుతారు. నువ్వే జరుపు, నాకు ఓపిక లేదు," అన్నాడు.

నేను స్కేలు పెట్టాను. పన్నెండున్నర.

"అందట్లేదు!" అని ఎగిరి గంతేశాను.

ఆయన మళ్లీ కొలిచాడు, పన్నెండే. నేను కొలిస్తే పన్నెండున్నరే. చివరికి రెండూ పక్కపక్కన పరిచాం. టేపు మీది పన్నెండు, స్కేలు మీది పన్నెండున్నర దగ్గర తీరిగ్గా పడుకునుంది. అది పెళ్లినాటి గుడ్డ టేపు. లాగీ లాగీ సాగిపోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "పదకొండేళ్లు! నీవన్నీ దొంగ గుర్రాలే బావా! నా తుపాకులవాళ్లు ఎన్నిసార్లు అన్యాయంగా..."

అరుస్తూ అరుస్తూ మధ్యలో ఆగిపోయాను. వీధిలోవాళ్లని ఏ టేపుతో కొలుస్తాడో, బట్టనీ ఆ టేపుతోనే కోస్తాడు. తప్పుకి తప్పు సరిపోయేది. హోటల్‌వాళ్లని కొలిచిన టేపు వేరు.

"బావా, ఆ కోట్లు..."

నా మాట పూర్తయ్యేలోపే వెనక్కొచ్చిన కోటొకటి లాగి బల్ల మీద పరిచాడు. రెండు ఈటెల దండులు నేలపాలయ్యాయి. నా స్కేలుతో పొడుగు కొలిచాడు. కాగితంలో ఇరవైనాలుగు, కోటు ఇరవై అయిదు. ఇంకోటి తీశాడు. అదీ అంతే తేడా, వెంట్రుకంత కూడా ఎక్కువ కాదు.

"చెయ్యి పోలేదే!" అని లోపలికి కేకేశాడు. కళ్లు తుడుచుకోవడానికి ఆ కోటే దొరికింది.

"నేను చెప్తే వినలేదు, ఇనపముక్క చెప్తే విన్నాడు," అంది అక్క.

మిషన్ కొనేవాళ్లకి ఫోన్ చేసి రావద్దన్నాడు. తిరిగొచ్చి కింద పడ్డవాళ్లని ఏరుతూ, ఏరుతూ ఆగాడు.

"అయితే నా గెలుపులన్నీ..."

"పాచికలు నీవేగా," అన్నాను. ఏదో ఒకటి అనాలిగా.

ఆయన కాసేపు గదిలో అటూ ఇటూ తిరిగాడు. తర్వాత ఆ టేపు తెచ్చి నా మెడలో వేసి, నా స్కేలు తను తీసుకున్నాడు.

"ఇంకో పదకొండేళ్లు ఆటలో నువ్వు దీంతో కొలువు," అన్నాడు. "లెక్క సరిపోయాక కొత్తది కొందాం."