సహపంక్తికి పిలిచి...

మా రాజాంలో వీధి కుర్రాళ్ళకీ, ఒడిశా నుంచి ఇటుకబట్టీల పనికి వచ్చిన కుటుంబాల కుర్రాళ్ళకీ కిందటేడు తరచూ కొట్లాటలు జరిగేవి. వాటిని ఆపాలని కొందరం కమిటీగా ఏర్పడ్డాం. కౌన్సెలింగ్ అంటే ఆ పిల్లలు నోరు విప్పలేదు. అమ్మానాన్నల పక్కన కూర్చుని, కలిసి తింటూ అయితే మాట్లాడతారని ఒడిశా కుర్రాళ్ళలో ఒకడి తల్లి కుంతల చెప్పింది. అందుకే కమ్యూనిటీ హాల్లో సహపంక్తి భోజనం పెట్టాం.

"ఇక్కడ సెప్పింది గుమ్మం దాటదు. బయపడకండర్రా" అన్నారు మా కమిటీ పెద్దాయన.

ఆ మాట నమ్మి రెండు వైపుల వాళ్ళూ ఎవరు ఎవరిని కొట్టారో చెప్పేశారు. కాసేపటికి ఒకరికొకరు కూరలు వడ్డించుకుంటుంటే నా కళ్ళు చెమర్చాయి. ఇంతలో పోలీసులు లోపలికొచ్చి, ఒడిశా పిల్లల్ని మాత్రమే లేపారు.

"ఏటండీ ఇది?" అని పెద్దాయన్ని నిలదీశాను.

"పోలీసులకి నేనే కబురెట్టాను. మనోళ్ళ మీద కేసు పడకుండా సూసుకోవాలి గదమ్మా! ఆళ్ళు వలసొచ్చినోళ్ళు, ఎల్లిపోతారు" అన్నారు, విస్తరి ముందు నుంచి లేవకుండానే.

కుంతల నా చెయ్యి పట్టుకుని, "నువ్వు పిలిస్తేనే మావోణ్ని తెచ్చినాను గదమ్మా" అంది.

ఆమెతో స్టేషన్‌కి వెళ్ళి, మా వీధి కుర్రాళ్ళూ కొట్టారని నేను గట్టిగా చెప్పాక ఒడిశా పిల్లల్ని వదిలారు. ఆ రోజే కమిటీ మానేశాను. కుంతల ఇప్పటికీ ఎదురుపడితే నవ్వుతుంది. కానీ మా ఇంట్లో మంచినీళ్ళు కూడా పుచ్చుకోదు. పెద్దాయన్ని నేను క్షమించలేకపోతున్నది అందుకే.

– ఒక పాఠకురాలు, రాజాం