లేకపోతే సున్నా అనుకో

ఆఫీసులో అందరూ ఆమెను తాళాలక్క అనేవారు. ఆమె తాళాలు చేసేదీ కాదు, అమ్మేదీ కాదు. సీ భాషలో ప్రోగ్రాములు రాసేది. రాసినదంతా ఒకే పని మీద: ఫైలు తెరవడం.

"ఇంతోటి పనికి ఒక మనిషా!" అని కొత్తగా చేరినవాళ్లు నవ్వేవారు. నవ్వరూ మరి! ఫైలు తెరవడానికి ప్రతి కంప్యూటర్లోనూ ఓపెన్ అనే ఫంక్షన్ ఉండనే ఉంటుంది. వచ్చిన చిక్కల్లా, ఒక్కో రకం మెషీన్‌లో దానిది ఒక్కో తిక్క. ఒకచోట నోరు మూసుకుని చేసిన పనినే ఇంకోచోట చేయనని మొరాయిస్తుంది. అందుకని తాళాలక్క దానికి బదులుగా తన సొంత ఫంక్షన్ రాసి పెట్టింది. ఏ మెషీన్ మీదైనా సరే, అందరూ దాన్నే పిలవాలి. ఎవరి తిక్కను ఎలా బుజ్జగించాలో లోపల అది చూసుకుంటుంది.

అసలే ఆమెకు భయం జాస్తి. గ్యాస్ కట్టేసి వీధి చివరిదాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి చూసుకునే రకం. పరీక్షించిన ఫంక్షన్నే పరీక్షించి, అన్నీ బాగుంటే అదీ ఒక దిగులే ఆమెకు. కంపెనీ చేసేది మరి గుండె ప్రోగ్రాం. ఆస్పత్రిలో పేషెంటు నడుముకు చిన్న పెట్టె కట్టి ఇంటికి పంపుతారు. గుండె ఒకసారి కొట్టుకున్నాక మళ్లీ కొట్టుకోవడానికి ఎంతసేపు పట్టిందో ఆ పెట్టె రాసుకుంటుంది, సెకనులో పదో వంతుల లెక్కన. ఎనిమిది, తొమ్మిది, ఎనిమిది... మామూలు గుండె అలా పోతూ ఉంటుంది. ఎక్కడైనా మరీ ఎక్కువసేపు ఆగిందంటే, మర్నాడు ఆస్పత్రిలో ఫైలు తెరిచినప్పుడు ప్రోగ్రాం అక్కడ ఎర్రగీత పెడుతుంది.

ఆ ఆస్పత్రికే ఆమె వాళ్ల నాన్నను తీసుకెళ్లింది. ఆయన ఇళ్లకు రంగులు వేసే మేస్త్రీ. ఈమధ్య ఉన్నట్టుండి కళ్లు తిరుగుతున్నాయి. నిచ్చెన ఎక్కే మనిషికి కళ్లు తిరగడమంటే మాటలా?

"భయపడకు నాన్నా, మన ప్రోగ్రామే చదివేది. ఫైలు తెరిచేది నా ఫంక్షనే" అంది గొప్పగా.

ఆయన నడుముకూ పెట్టె కట్టి పంపారు. మర్నాడు వెళ్లి దాన్ని తిరిగిచ్చారు. రిపోర్టులో ఒక్క ఎర్రగీత లేదు. కాకపోతే మధ్యాహ్నం భోజనాల వేళ దాకానే ఉంది. ఆ తర్వాత ఖాళీ.

"పెద్దాయన పెట్టె తీసేసినట్టున్నారండీ" అంది పరీక్షల గదిలో పనిచేసే నర్సు. "చాలామంది అంతే. దురదగా ఉందని తీసేస్తారు."

"నేను తీయలేదమ్మా!" అన్నాడు నాన్న.

వెంట వచ్చిన అమ్మ ఊరుకుంటుందా! "ఈయన తీయలేదంట, మనం నమ్మాలంట! మొన్న వాచీ ఎక్కడ దొరికింది? సబ్బుపెట్టెలో! కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతికించిన మనిషి! స్నానానికి తీసుంటారు, మళ్లీ కట్టుకోవడం మర్చిపోయుంటారు."

"తీయలేదే బాబూ, ఒట్టు!"

"పోనీలే నాన్నా, తీసే ఉంటావు, గుర్తుండదు" అని కూతురు సర్దిచెప్పింది. ఉన్నంతవరకు అంతా బాగానే ఉందని, పనిలోకి వెళ్లవచ్చని డాక్టరు చెప్పాడు. ఇంటికి వచ్చే దారంతా నాన్న కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. చిన్నపిల్లాడిని తిట్టినట్టు తిట్టారని ఆయనకు మనసు కష్టమైంది. ఆ సంగతి కూతురికి తెలుసు. తెలిసీ ఊరుకుంది.

తర్వాత కొన్నాళ్లకు, ఆఫీసులో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. ఇంటికి ఎవరో వస్తున్నారట, కప్పుల సెట్టులో ఒకటి తక్కువైందని గోల.

"మీ నాన్న చలవే! ఆ పెట్టె కట్టుకున్న రోజున భోజనం చేసి లేస్తూ పగలగొట్టారుగా. ఏం చేతిలో పట్టు లేదా అంటే కళ్లు తిరిగాయట."

"భోజనం చేసి లేస్తూనా? మధ్యాహ్నమా?"

"మరి అర్ధరాత్రి తింటామా?"

తాళాలక్క ఆ ఫోన్ పెట్టేసింది. సరిగ్గా కళ్లు తిరిగిన వేళకే రికార్డింగ్ ఆగిపోవడమేమిటి? నర్సుకు ఫోన్ చేసి బతిమాలి, నాన్న ఫైలు తెప్పించుకుంది. తన మెషీన్ మీద తెరిచింది. ఆస్పత్రిలో ఉన్నది ఒక రకం, ఆమె బల్ల మీదున్నది ఇంకో రకం.

ఫైలు మధ్యాహ్నంతో ఆగలేదు. సాయంత్రం ఉంది. రాత్రి ఉంది. పెట్టె విప్పి ఇచ్చిన తెల్లవారి దాకా ప్రతి అంకే ఉంది. నాన్న పెట్టె తీయలేదు.

ఆస్పత్రి రిపోర్టు ఎక్కడ ఆగిందో అక్కడికి వెళ్లి చూసింది. ఎనిమిది, తొమ్మిది, ఎనిమిది. ఆ పక్కన ఇరవై ఆరు. అంటే రెండున్నర సెకన్లు దాటినా నాన్న గుండె కొట్టుకోలేదు. ఆ తర్వాత అలాంటివి ఇంకా ఉన్నాయి, రాత్రంతా.

ఇరవై ఆరు అంటే ఏమిటో ఆమెకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది! ఆస్పత్రిలో ఉన్న రకం మెషీన్‌కు ఓ పాత అలవాటు. ఫైలును మనిషి టైపు చేసిన కాగితం అనుకుని చదివేటప్పుడు, అందులో ఇరవై ఆరు అనే నంబరు కనపడితే "ఇక్కడితో సమాప్తం" అనుకుని చదవడం మానేస్తుంది. అలా అనుకోకు, ఉన్నది ఉన్నట్టు ఇయ్యి అని చెప్పడానికి తెరిచేటప్పుడే బైనరీ అనే గుర్తు జతచేయాలి. మిగతా మెషీన్లకు ఆ అలవాటు లేదు కనుక ఆ గుర్తూ లేదు. అందుకే తాళాలక్క తన ఫంక్షన్లో ఒక వాక్యం రాసింది: బైనరీ గుర్తు లేకపోతే సున్నా అనుకో.

ఎంత ముచ్చటైన వాక్యం! గుర్తు లేనిచోట సున్నా కలిపితే నష్టమేముంది? ఎక్కడా గొడవ రాదు. కానీ సీ భాష నియమాలు తు.చ. తప్పకుండా పాటించాలని ఆవిడే చాదస్తంగా పెట్టిన షరతు ఒకటుంది. ఆ షరతు పెడితే ఆస్పత్రి మెషీన్‌లో ఆ గుర్తు మామూలు పేరుతో కనపడదు. పేరుకు ముందు ఒక చిన్న కిందిగీతతో ఉంటుంది. ఫంక్షన్ మామూలు పేరు కోసమే చూసింది, కనపడలేదు, సున్నా అనుకుంది. ఒక్క హెచ్చరిక కూడా రాలేదు.

పరీక్షల్లో ఎందుకు బయటపడలేదంటారా? పరీక్షలకు పెట్టెలు కట్టుకున్నది ఆఫీసువాళ్లే. అందరివీ గట్టి గుండెలు. వాటిలో ఇరవై ఆరు ఎందుకొస్తుంది?

ఆమె పరుగున మేనేజర్ గదికి వెళ్లింది. "సార్, ఆస్పత్రికి ఫోన్ చెయ్యండి. రోజు పూర్తికాకుండా ఆగిపోయిన రిపోర్టులన్నీ తప్పే. వాళ్లందరినీ వెనక్కి పిలిపించమనండి."

"వాళ్లు పెట్టె తీసేసినవాళ్లు కదమ్మా?"

"ఎవరు తీశారో ఎవరు తీయలేదో మనకు తెలీదు సార్. తప్పు నాది. నా ఫంక్షన్‌ది."

మేనేజర్ వెంటనే ఫోన్ అందుకున్నాడు. తాళాలక్క తప్పు వాక్యాన్ని సరిచేసి, పక్క సీటతనికి అప్పజెప్పి, నాన్నకు ఫోన్ కలిపింది. తీయలేదు. మళ్లీ కలిపింది. మళ్లీ తీయలేదు. ఆయన ఫోన్ ఎప్పుడూ కింద సంచీలోనే ఉంటుంది. రంగు చేతులతో ఎత్తడు.

దొరికిన టాక్సీ ఎక్కింది. "దేవుడా, ఇవాళ నేల మీద పని చేస్తూ ఉండాలి" అని దారంతా ఒకటే గొణుగుడు.

ఎక్కడి నేల! నాన్న రెండో అంతస్తు కిటికీ పక్కన, నిచ్చెన చివర నిలబడి, ఒక చేత్తో డబ్బా పట్టుకుని గోడకు నీలం రంగు వేస్తున్నాడు. ఆమెకు అరిస్తే ఉలిక్కిపడతాడని భయం, అరవకపోతే ఏమవుతుందోనని భయం. మెల్లగా వెళ్లి నిచ్చెన కాళ్లు రెండు చేతులా పట్టుకుంది.

"నాన్నా" అంది, మామూలుగా పిలిచినట్టు.

"ఓసి నీ! ఇదేంటి, ఆఫీసుకు సెలవా?"

"నీతో పనుంది. దిగు."

"ఈ పట్టీ ఒక్కటీ వేసేసి..."

"నాన్నా, నీ కాళ్లు పట్టుకుంటాను, దిగు. డబ్బా అక్కడే వదిలెయ్."

ఆ గొంతులో ఏం వినపడిందో, నాన్న నవ్వడం మానేశాడు. డబ్బా కొక్కేనికి తగిలించి దిగడం మొదలుపెట్టాడు. సగం దిగాక ఆగిపోయాడు. మెట్టును గట్టిగా పట్టుకుని, నుదురు నిచ్చెనకు ఆనించి, కదలకుండా ఉండిపోయాడు. ఆమెకు అంకెలు తప్ప ఇంకేమీ తోచలేదు. పది, పదిహేను, ఇరవై... ఇరవై ఆరు ఎప్పుడో దాటిపోయిందనిపించింది. అప్పుడు నాన్న కాలు కదిలి కిందిమెట్టును వెతుక్కుంది.

నేల మీదికి రాగానే ఆయన్ని వాటేసుకుని బావురుమంది. చీరంతా నీలం రంగయింది.

ఆ సాయంత్రం ఆస్పత్రిలో సరిచేసిన ప్రోగ్రాంతో ఫైలు మళ్లీ తెరిచారు. మధ్యాహ్నం దగ్గర ఆగకుండా తెర మీద ఎర్రగీతలు వరసగా వస్తూనే ఉన్నాయి. డాక్టరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఈయన్ని ఇంటికి పంపే ప్రసక్తే లేదు. రేపు పొద్దున్నే పేస్‌మేకర్ పెడతాం" అన్నాడు. బయట వరండాలో అలాంటి రిపోర్టులతోనే వెళ్లిపోయినవాళ్లు ఒక్కొక్కరే తిరిగి వస్తున్నారు. అందరూ వచ్చారో లేదో అప్పటికి ఎవరికీ తెలియదు. తాళాలక్క అటు చూడలేకపోయింది.

నాన్న మంచం పక్కన కూర్చుని జరిగినదంతా చెప్పింది. గుర్తు, సున్నా, ఇరవై ఆరు, అన్నీ. ఆయనకు ఎంత అర్థమైందో తెలియదు. చేతి గోళ్లలోని నీలం రంగు గీక్కుంటూ చివరిదాకా విన్నాడు.

"అయితే నేను పెట్టె తీయలేదన్నమాట."

"తీయలేదు నాన్నా."

"ఆ ముక్క మీ అమ్మకు కూడా చెప్పు" అన్నాడు తలుపు వైపు చూస్తూ. "నేను చెబితే నమ్మదు."