సగం తీసిన పూడిక, పద్నాలుగు సూదులు

మా అమ్మను, మా మాటలో అవ్వను, కరిచిన కుక్కకు పిచ్చి ఉందో లేదో ఎవరూ తేల్చలేదు. బోధన్ పక్కన మా ఊళ్లో చెరకు కొట్టుడు అయిపోయి ఆకు తగలబెట్టే రోజులవి. గడ్డిమోపు ఎత్తుకొస్తున్న అవ్వ పిక్క పట్టుకుని, వదిలి, కుక్క తన దారిన తాను పోయింది. నిజామాబాదు సర్కారు దవాఖాన డాక్టరు మాత్రం ఒక్క మాటలో తేల్చాడు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు, రోజుకొకటి. ఒక్క రోజు తప్పినా తన పూచీ లేదన్నాడు. మా ఊరికి రోజుకు ఒకటే బస్సు, అదీ దాని బుద్ధి పుట్టినప్పుడు. అందుకని అవ్వ పట్నంలో నా గదికి వచ్చింది.

ఆ గది సంగతి చెప్పాలి. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాను. మేం మాదిగలం. ఉద్యోగం సంగతి చెబితే ఇంటివాళ్లు కుర్చీ వేసేవారు. "మీరు ఎవలోళ్లు బిడ్డా?" అని అడిగి కులం సంగతి విన్నాక, ఆ గది నిన్ననే ఎవరికో ఇచ్చేసినట్టు వాళ్లకు గుర్తొచ్చేది. అట్లా పదకొండు గదులు తిరిగాను. నిజామాబాదులో ఇంత జ్ఞాపకశక్తి ఉన్న మనుషులున్నారని అప్పుడే తెలిసింది.

పన్నెండో ఇల్లు ఒక వకీలుది. ఆయన అంటరానితనం పోగొట్టే సంఘానికి పెద్ద. కులం విన్నాక కూడా గది ఇచ్చాడు, పెరట్లో పశువుల కొట్టం పక్కన. ఇంటికి ఎవరొచ్చినా నన్ను పిలిచి, "మా హరిజన కిరాయిదారు" అని చూపించేవాడు, కొత్తగా కొన్న రేడియోను చూపించినట్టు. రేడియో నయం, దానికి దాహం వేయదు.

నా గడపకు నాలుగడుగుల దూరంలో బావి. చేద, తాడు నేను ముట్టకూడదు. రోజూ పొద్దున వకీలు భార్య గట్టు మీద నిలబడి పైనుంచి ఒక కుండెడు నీళ్లు పోసేది. సగం కుండలో పడేవి, సగం నా కాళ్ల మీద. తెలంగాణ పోయి ఆంధ్రలో కలిసి పదేళ్లయిందని ఆఫీసులో అనుకునేవారు. నాకూ బావికీ మధ్య నాలుగడుగులు మాత్రం కలవలేదు. అయినా నోరు మూసుకున్నాను. పదమూడో ఇంటికి తిరిగే ఓపిక నాకు లేదు.

అవ్వ వచ్చాక ఒక్క కుండ ఇద్దరికి చాలలేదు. అదీ ఎవరికీ చెప్పలేదు. అవ్వకు దవాఖాన తెగ నచ్చింది. కాలువ కింద భూములున్న ఆంధ్రా రైతు భార్య, బట్టల సేటు కొడుకు, మా అవ్వ, అందరూ ఒకటే వరసలో పొట్ట పట్టుకుని నిలబడేవారు. నర్సమ్మ సూదిని మరిగే నీళ్లలో ముంచి తీసి వరసగా పొడిచేది.

"అందరికి ఒకటే సూదిరా," అంది అవ్వ, తిరునాళ్లు చూసొచ్చినట్టు. "నువ్వెవలని అడుగతనే లేరు."

"పొడిచేటప్పుడు ఎవలడుగుతరే అవ్వా? తాగేటప్పుడు అడుగుతరు."

ఐదో సూది నాడు వకీలు భార్య ఇందల్వాయికి పెళ్లికి పోయింది. మాకు నీళ్లు పోయమని ఎవరికీ చెప్పలేదు. వీధి చివర నల్లా తిప్పితే గాలి వచ్చింది. దవాఖాన నుంచి తిరిగొచ్చేసరికి అవ్వకు ఒళ్లు కాలిపోతోంది, పొట్ట వాచింది. "నీళ్లున్నయా బిడ్డా?" అని అడిగింది. ఏదడిగినా ఒక జోకు విసిరే నాకు ఆ రోజు జోకు రాలేదు. నాలుగడుగులు నడిచి, చేద వేసి, తోడి, అవ్వకు తాగించాను.

రెండో చేద గిలక దాకా వచ్చేసరికి వకీలు అన్నానికని కచేరీ నుంచి ఇంటికొచ్చాడు.

"చూడు, నాకైతే పట్టింపు లేదు," అన్నాడు తలపాగా తీస్తూ. "కాని ఇంట్ల ఆడోళ్లున్నరు."

"ఆడోళ్లు ఇందల్వాయిల ఉన్నరు సార్."

"వాడకట్టోళ్లు చూస్తరు."

"నాకైతే మీరొక్కరే కనవడుతున్నరు సార్."

ఆయనకు నవ్వు రాలేదు. "బావి శుద్ధి చెయ్యాలె. నీళ్లు తోడి, పూడిక తీసి, సున్నం ఎయ్యాలె. ఎట్లైన ఎండకాలమే గద. మీ చిన్నబాపోళ్లే తీస్తరు, ఎల్లుండి తోలుకరా. లేకుంటే అర్ర ఖాళీ చెయ్యి."

చెరకు కొట్టే కాలమంతా మా నాన్న తమ్ముడు చిన్నబాపు జట్టు బోధన్ దిక్కు ఆంధ్రా రైతుల తోటల్లో ఉంటుంది. ఎండాకాలం పట్నానికొచ్చి బావుల పూడిక తీస్తుంది. ఈ బావిలో ఆయన ఏటా దిగుతాడు.

"సార్, నేను చేద మాత్రమే ఏసిన. మా చిన్నబాపు ఏటేటా మెడదాక దిగుతడు."

"అది పని. ఇది వాడకం."

కచేరీలో ఆయన ఎన్ని కేసులు గెలిచాడో నాకు తెలియదు. ఆ ఒక్క మాటతో మాత్రం మా తాతముత్తాతలందరికీ శిక్ష వేశాడు. చేతిలో చేద ఉంది. దాన్ని ఎక్కడ వేయాలని నాకు అనిపించిందో ఇక్కడ రాయను. ఇంకా తొమ్మిది సూదులున్నాయి. సరే సార్ అన్నాను.

ఏడో సూది నాడు చిన్నబాపు మరో ముగ్గురితో వచ్చాడు. వకీలు భార్య కూడా తిరిగొచ్చింది. పొద్దటి నుంచి తమ బొక్కెనలతో నీళ్లు తోడి పారబోశారు, గంపలతో నల్లటి బురద పైకి పంపారు. మధ్యాహ్నం చిన్నబాపు పైకెక్కి, తాగుదామని గట్టు మీది చేద అందుకోబోయాడు.

"ఆగాగు, ముట్టకు! నేను పోస్త," అని ఆమె ఇంట్లో నింపిపెట్టుకున్న బిందె తెచ్చి, అరుగు మీది నుంచి వంచింది. చిన్నబాపు దోసిలి పట్టాడు. నీళ్లన్నీ వేళ్ల సందుల్లోంచి జారిపోనిచ్చాడు.

"అమ్మా, పొద్దటిసంది గీ బాయిలనే నిలవడ్డ. అండ్లనే చెమట కార్చిన. కాళ్లు పెడితె కాని మైల చేద ముడితె అయితదా?"

"నాకేం తెలుసు? మా సారును అడుగు."

సారును అడిగితే ఆడవాళ్లను అడగమన్నాడు. చిన్నబాపు తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. "రేపొస్తం," అని జట్టును తీసుకుని వెళ్లిపోయాడు. బావి అడుగున సగం పూడిక కలిసి, మిగిలిన నీళ్లు బెల్లప్పాకంలా ఉన్నాయి.

పూడిక తీసేవాళ్లలో ఒక కట్టు ఉంది. ఒక జట్టు దిగి సగంలో ఆపిన బావిలో ఇంకో జట్టు దిగదు. మొదటి జట్టు ఏ రాయి కదిలించిందో, ఎక్కడ ఊట తెగిందో వాళ్లకే తెలుసు. తెలియకుండా దిగితే బావి లోపలి రాతి ఒర కూలి పైన పడుతుంది. ఈ సంగతి వకీలుకు తెలియదు. మరునాడు ఇంకో జట్టును పిలిపించాడు. వాళ్ల పెద్ద బావిలోకి తొంగి చూసి, "ఎవలు దిగిన్రు ఇండ్ల?" అని అడిగి, పేరు విని, దండం పెట్టి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం రైలు స్టేషను దగ్గర చిన్నబాపు గుడిసెకు పోయాను. "ఎప్పుడొస్తవే చిన్నబాపు?"

"వదినెకు ఇంకెన్ని సూదులున్నయ్?"

"ఆరు."

"అట్లైతె ఆరు రేపులు."

ఇక రోజూ పొద్దున వకీలు కొట్టం దాకా వచ్చేవాడు. "ఏమాయె మీ చిన్నబాపు?" "రేపొస్తడట సార్." బతుకంతా జనానికి వాయిదాలు ఇప్పించినవాడికి తన వాయిదా మింగుడు పడలేదు. కాని నన్ను వెళ్లగొడితే చిన్నబాపు అసలే రాడని ఆయనకు అర్థమైంది. గది మాకే ఉంది. తెల్లవారుజామున నల్లా దగ్గర అవ్వ బిందె వెనక వకీలు ఇంటి పనిమనిషి బిందె నిలబడేది. నల్లా మాత్రం మాకు గాలి, వాళ్లకు నీళ్లు ఇవ్వడం నేర్చుకోలేదు.

అదే వారం సంఘం సభలో వకీలు గంటసేపు సమానత్వం గురించి మాట్లాడాడు. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. చప్పట్లు కొట్టాను. చేతులు ఇంకేదైనా చేస్తాయేమోనని భయమేసి, మరింత గట్టిగా కొట్టాను.

పద్నాలుగో సూది అయింది. మరునాడు పొద్దున్నే చిన్నబాపు జట్టుతో వచ్చి గట్టు దగ్గర నిలబడ్డాడు. వారం రోజుల్లో బురద కిందికి పేరుకుని పైన నీళ్లు కాస్త తేరాయి. వకీలు వరండాలో కుర్చీ మీద పేపరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన భార్య గుమ్మంలో ఉంది.

"సారూ, దిగుతం," అన్నాడు చిన్నబాపు. "దిగేముందు మా వదినె చేద ఏసి తాగుతది. అటెన్క మేం తాగుతం. ఇగ నుంచి గిదే కట్టు. లేకుంటె రేపొస్తం."

ఆమె భర్త వైపు చూసింది. భర్త ఎవరి వైపూ చూడలేదు. పేపరు పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఇంట్లో ఆడవాళ్లు, వాడకట్టువాళ్లు, లోకం అందరూ పోయి, చివరికి ఒక పేపరు మిగిలింది. ఆయన ఆ పేపరు చాటుకు పోయేదాకా మా అవ్వ పద్నాలుగు పోట్లు ఓర్చింది. ఇప్పటికీ నాకు తలచుకుంటే పళ్లు కొరుక్కోబుద్ధి అవుతుంది.

అవ్వ వాచిన పొట్ట ఒక చేత్తో పట్టుకుని గట్టెక్కింది. చేద వేసింది. గిలక కిర్రుమంది. తోడి, రెండు గుక్కలు తాగి, మొహం చిట్లించింది.

"బురద వాసనొస్తుంది. గీ నీళ్లకేనా గింత లొల్లి?"

తర్వాత వరండా వైపు తిరిగింది. అవ్వకు చదువు రాదు. కాని ఆ పేపరు మీద ఒక పెద్దమనిషి బొమ్మ ఉంది.

"సారూ, బొమ్మ తలకిందులున్నది."

పేపరు కదలలేదు. అవ్వ రెండో చేద వేసింది.