లెగ్ ప్రెస్ మీద కుంకుమ బొట్టు

ఒక సాయంత్రం పాపను చంకన వేసుకుని మెట్లు దిగుతుంటే నా కుడి మోకాలు ఉన్నట్టుండి మడతపడింది. గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాను. అదేదో ఆట అనుకుని పాప నవ్వింది. మాది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. మా ఆయన పరవాడ కంపెనీ బస్సుకి తెల్లారకుండానే వెళ్ళిపోతారు. పగలంతా పాపను ఎత్తి దింపేది నేనే. ఆ రోజు నుంచి మెట్ల దగ్గరకు రాగానే కమ్మీ పట్టుకుని ఆగిపోయేదాన్ని. నేను పడితే ముందు తగిలేది దాని తలే.

డాక్టరు ఎముకలో ఏమీ లేదన్నారు. కాన్పు తర్వాత తొడల్లో బలం తగ్గింది, పెంచుకోమన్నారు. పాపను కింది వాటా పిన్నిగారి దగ్గర గంటసేపు ఉంచి, జిమ్‌లో ఆడవాళ్ళ బ్యాచ్‌లో చేరాను.

కోచ్ నా వయసు అమ్మాయే. నన్ను లెగ్ ప్రెస్ మీద కూర్చోబెట్టి, ఎదురుగా ఉన్న ఇనుప పలకను రెండు పాదాలతో తొయ్యమని చెప్పి ఇంకొకరి దగ్గరకు వెళ్ళింది. పలక నట్టనడుమ పసుపు, కుంకుమ బొట్టు. మొన్న దసరాకి ఆయుధపూజ చేశారట. పుస్తకానికి కాలు తగిలితేనే కళ్ళకద్దుకునే ఇంట్లో పెరిగినదాన్ని. నా పాదాలు వాటంతటవే కింది అంచుకు జారాయి. మడమలు సగం గాలిలోనే ఉండేవి.

పది రోజులు అలాగే తోశాను. మోకాలు కుదుటపడకపోగా నొప్పి మొదలై, కూర్చుని లేవడమే కష్టమైంది. ఇక నా కాళ్ళు ఇంతే అనుకున్నాను.

"రేపట్నుంచి రానండి" అని కోచ్‌తో చెప్పాను.

"ఏదీ, ఓసారి సేసి సూపించండి" అంది. చూసి తల పట్టుకుంది. "అంత కిందికి పెట్టేరేటండీ పాదాలు? బరువంతా మోకాలి మీదే పడిపోద్ది!"

"మధ్యలో బొట్టుంది కదండీ."

పక్కన సైకిల్ తొక్కుతున్న బెల్లం వ్యాపారి గారి భార్య ఆగింది. "నేనూ అంచునే పెడతన్నాను. అమ్మోరి బొట్టు తొక్కమంటావేటే పిల్లా?"

"అమ్మోరేటి పిన్నీ, ఇది మిషను!"

"మిషనయితే కొబ్బరికాయెందుకు కొట్టేవు మరి?"

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నా పది రోజులు వృథాగా పోయాయి.

కోచ్ ముఖం చిన్నబోయింది. "నేనే పెట్టేను. బుద్ధి లేక కాళ్ళు పెట్టే సోటే పెట్టేను." తడిగుడ్డతో తుడిచి, పక్కనున్న ఇనుప స్తంభానికి కొత్త బొట్టు పెట్టింది. నేను తోసే బరువు సగానికి తగ్గించింది. "మడమలతో తొయ్యండి. కాళ్ళు సాపేక ఆఖర్న మోకాలు బిగించకండి."

పన్నెండు సార్లు తోశాను. ఇన్ని రోజుల్లో మొదటిసారి తొడలు మండాయి. మోకాలు మాత్రం నొప్పెట్టలేదు.

ఇంటికి వచ్చేసరికి పిన్నిగారి గుమ్మంలోనే పాప చేతులు చాచింది. నా కాళ్ళు ఇంకా వణుకుతున్నాయి. "నడుద్దాం తల్లీ" అన్నాను. నా వేలు పట్టుకుని ఒక్కో మెట్టూ రెండు కాళ్ళతో ఎక్కింది. మొదటి అంతస్తులో చతికిలపడి ఏడుపు లంకించుకుంది. చేసేది లేక ఎత్తుకున్నాను. కమ్మీ వదలకుండా, ప్రతి మెట్టు దగ్గరా ఆగుతూ ఎక్కాను. మోకాలు మడతపడలేదు. తలుపు తీసేసరికి పాప భుజం మీదే నిద్రపోయింది. దింపే ఓపిక లేక, దాంతోపాటే గోడకి ఆనుకుని నేల మీద కూలబడ్డాను.