ఒక్కతే వస్తే ‘ది’, అందరూ వస్తే ‘రు’

అమెరికాలో, మా అబ్బాయి వాళ్లుండే బాతెల్‌లో మా ఎదురింటి డెన్మార్క్ ఆవిడకు ఎనభై దాటాయి. మా కోడలు వారం వారం ఆవిడను కార్లో ఆసుపత్రికి తీసుకెళ్తుంది. దారిలో మా కోడలు వాళ్లమ్మతో ఫోన్‌లో మాట్లాడే తెలుగు విని ముచ్చటపడి, తనకూ నేర్పమని ఆవిడ నన్ను అడిగింది. నేను అయిదో తరగతితో బడి మానేసి, బస్సు కండక్టరుగా బతుకుతూ, డిపో బల్ల మీద వ్యాకరణం చదువుకున్నవాణ్ణి. ఈ జన్మలో నన్ను పాఠం చెప్పమన్న మనిషి ఆవిడ ఒక్కతే. ఎలా కాదంటాను?

క్రియల పాఠం వచ్చింది. కాగితం మీద రాశాను: అబ్బాయి వచ్చాడు. అమ్మాయి వచ్చింది. కుక్క వచ్చింది.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని చివరి రెండు వాక్యాల కింద వేలు పెట్టింది. “ఒకటేనా?”

“ఒకటే.”

“దొంగ?”

“దొంగ వచ్చాడు.”

“అమ్మ?”

“అమ్మ వచ్చింది.”

“బస్సు?” అన్నది, నా ఉద్యోగం గుర్తుంచుకుని.

బస్సూ వచ్చిందనే చెప్పాను. ఆవిడ కలం కింద పెట్టేసింది. పుట్టినప్పటి నుంచీ మాట్లాడుతున్న భాష ఇది. మగవాణ్ణి మన వ్యాకర్తలు మహత్తు అన్నారు, అంటే గొప్ప. మిగతాదంతా అమహత్తు. ఆ మాటలు బట్టీ పట్టి, పదిమందిలో వల్లించి మురిసిపోయాను కూడా. నా బస్సులో జేబులు కొట్టినవాడు గొప్పవాళ్ల వరసలో ఉన్నాడు. నన్ను కన్నతల్లి గేదెతో, బస్సుతో కలిసి ఇవతల నిలబడింది. కళ్లెదుటే ఉన్నది ఇన్నేళ్లూ ఎందుకు కనపడలేదు? గౌరవమిస్తే ‘అమ్మగారు వచ్చారు’ అంటాం కదా అని సమర్థించుకోబోయాను. దొంగకు గౌరవం అక్కర్లేదుగా, ఊరికే మనిషైపోయాడుగా అని ఆవిడ ఇంగ్లీషులో అడిగింది.

బహువచనం చెప్పి గట్టెక్కుదామనుకున్నాను. అబ్బాయిలు వచ్చారు, కుక్కలు వచ్చాయి, అమ్మాయిలు వచ్చారు.

ఆవిడ చాలాసేపు ఆ కాగితం చూసి నవ్వింది. “ఒక అమ్మాయి, కుక్క. రెండు అమ్మాయిలు, మనుషులు.”

‘ఇద్దరు అమ్మాయిలు’ అని దిద్దాలి. కలం మూత పెట్టేశాను.

అప్పుడు తను వయసులో ఉన్నప్పటి సంగతి చెప్పింది. కోపెన్‌హేగెన్‌లో ఆడవాళ్లకు జీతం తక్కువ. అలాంటప్పుడు టిక్కెట్టు డబ్బులూ ఆ లెక్కన తగ్గించే ఇస్తానని బస్సెక్కిందట. డ్రైవరు వానలో దింపేశాడు. తర్వాత ఆడవాళ్లంతా కలిసి గుంపుగా ఎక్కారు. పోలీసులొచ్చి ఒక్కొక్కరినీ ఎత్తి దించాల్సి వచ్చింది, ఊరంతా చూసింది. కండక్టర్ని కదా, ఒళ్లు మండింది. నా బస్సులో అయితే మీ అందరినీ బస్సుతో సహా స్టేషనుకి తోలేవాణ్ణి అన్నాను. ఒక్కదాన్నైతే రోడ్డు మీద దింపేవాళ్లు, అందరమైతే స్టేషనుదాకా మోయాలి, చూశారా బహువచనం అన్నది.

ఆ వారమే ఇక్కడి తెలుగు సంఘం కమిటీ వాళ్లు ముగ్గురు మా ఇంటికొచ్చారు. మా కోడలు సంఘం ప్రెసిడెంట్ పదవికి నామినేషన్ వేసింది. ఆఫీసులో ఒక టీము మొత్తాన్ని నడిపే మనిషి. ఆమె పెట్టిన కాఫీ తాగుతూ వాళ్లు నాతో మాట్లాడారు.

“అంకుల్, విత్‌డ్రా చేసుకోమనండి, మీరు చెప్తే వింటుంది. ఫుడ్ కమిటీ ఇచ్చేస్తాం. వేరే లేడీస్ ఎవరూ అడగట్లేదు, తనొక్కతే.”

ఆమె ట్రే పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. సంతలో గేదె పక్కనుండగా దాని పాల సంగతి యజమానిని అడిగినట్టు అడుగుతున్నారు. ఆమెనే అడగండి అన్నాను. జోక్ అనుకుని నవ్వి, ఆలోచించమని చెప్పి వెళ్లిపోయారు.

“విత్‌డ్రా చేసేస్తా మావయ్యా,” అంది మా కోడలు. “నేనొక్కదాన్నే ఏం ఫైట్ చేస్తాను?”

అప్పుడే పాఠానికి వచ్చిన ఎదురింటావిడకు అందులో ‘ఒక్కదాన్నే’ ఒక్కటే తెలిసింది. వేలు ఊపుతూ, “ఒక్క వద్దు. రు కావాలి,” అన్నది.

మా కోడలు అయోమయంగా నావైపు చూసింది. బస్సు కథతో సహా పాఠం మొత్తం మళ్లీ చెప్పాను. ఆమె నవ్వలేదు. ఫోన్ తీసుకుని మేడ మీదికి వెళ్లింది.

సంఘం మీటింగు ఒక స్కూలు భోజనాల హాల్లో. ఎదురింటావిడ కూడా మాతో వచ్చి నా పక్కన కూర్చుంది. ఆడవాళ్లంతా లోపల వంటింట్లో పులిహోర ట్రేలు వేడి చేస్తున్నారు. ప్రెసిడెంట్ పదవికి ఒక సిస్టర్ నామినేషన్ వేసిందని, సపోర్ట్ చేసేవాళ్లుంటే చెయ్యెత్తమని సెక్రటరీ మైకులో అడిగాడు. మగవాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు. మా అబ్బాయి చెయ్యి ఒక్కటే లేచింది. నాది సభ్యత్వం లేని చెయ్యి. మా కోడలు వంటింటి తలుపు వైపు చూస్తూ కూర్చుంది.

ఆ తలుపు తెరుచుకుంది. గరిటెలు చేతుల్లోనే ఉన్నాయి. పిల్లల్ని చంకనేసుకున్నవాళ్లు, వాళ్ల వెనక అమ్మమ్మలు. ఉన్న చేతులన్నీ పైకి లేచాయి.

“ఒక్క నిమిషం,” అన్నాడు సెక్రటరీ. “లేడీస్ వచ్చారు.”

ఎదురింటావిడ నా మోచేతిని పొడిచింది.

“రు,” అన్నది.

ఓట్లు వేశారు. మా కోడలు గెలిచింది.

ఇదంతా రాసి, ఆ చివరి ‘ది’ చూసుకుని ఉలిక్కిపడ్డాను. కొట్టేసి ఇంకేం రాయాలో నాకు వచ్చిన వ్యాకరణంలో లేదు. తలుపు తెరుచుకుంది, పులిహోర చల్లారింది, మా కోడలు గెలిచింది.