ఎక్స్‌రే గది నుంచి ఏడో నంబరు దాకా

1993లో నేను చంద్రపూర్‌లోని ఒక పెద్దాసుపత్రిలో నర్సును. పని ఓపీడీలో, అంటే చూపించుకుని ఇంటికి వెళ్ళిపోయే రోగుల విభాగంలో. ఛాతీ డాక్టరు కూర్చునేది ముందు భవనంలో ఏడో నంబరు గది. ఎక్స్‌రే, కఫం పరీక్షల గదులు వెనక భవనంలో. మధ్యలో పొడుగాటి వరండా, ఎండలో ఒక వాకిలి, పన్నెండు మెట్లు. అది దూరమని నాకెప్పుడూ అనిపించలేదు. నా ఊపిరితిత్తులు బాగున్నాయి మరి!

ప్రతి రోగికీ ఒక కేస్‌పేపర్ ఉంటుంది. డాక్టరు రాసేదంతా దాని మీదే. ఎక్స్‌రేకు పంపినవాళ్ళ కాగితాలు మా బల్ల మీదే ఉంచుకుని, కాసేపయ్యాక మళ్ళీ పిలుస్తాం. మూడు పిలుపులకు పలకకపోతే కాగితం అడుక్కి పోతుంది. మధ్యాహ్నం ఓపీడీ మూసేటప్పుడు వాళ్ళ పేరు పక్కన గైర్‌హాజరు అని రాసేస్తాం.

మల్లయ్య లాల్‌పేట్ బొగ్గుగనిలో పనిచేసి దిగిపోయిన మనిషి. నెలల తరబడి దగ్గు. ఆయన మూడోసారి వచ్చిన రోజు రిజిస్టరు తిరగేస్తే, రెండుసార్లు గైర్‌హాజరు అని నా చేతిరాతే ఉంది. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"ఫోటో దిగి అటే ఇంటికి పోతవేంది కాకా? డాక్టరుసాబ్ ఖాళీగ కూసున్నడా?"

"ఇంటికి యాడ పోయిన బిడ్డా! నేను మెల్లగ గిక్కడికొచ్చేసరికి మీ తలుపులు బంద్. మల్ల కొత్త కాయితం, మల్ల మొదటికెల్లి. గియ్యాల కాకుంటే ఇగ రాను."

చేతిసంచిలోంచి రెండు ఫిల్ములు తీశాడు. ఏ డాక్టరూ చూడనివి. సిగ్గుతో నా మొహం మాడిపోయింది.

వాటిని తీసుకుని నేరుగా లోపలికి వెళ్ళాను. డాక్టరు రెండింటినీ వెలుగులో పక్కపక్కన పెట్టి, "టీబీలా ఉంది. మొదటి దానికంటే రెండోదాంట్లో మచ్చ పెరిగింది. కఫం పరీక్ష ఇవాళే కావాలి," అన్నారు.

ఈసారి వెనక భవనానికి మల్లయ్య వెంట నేనూ నడిచాను. వరండాలో రెండుచోట్ల ఆగాడు. మెట్ల దగ్గర కూలబడ్డాడు. నేను అయిదు నిమిషాల్లో వెళ్ళే దారికి అరగంట పట్టింది. అక్కడికి మా ప్యూన్ పిలుపు వినబడనే వినబడదు.

మందులు ఆ వారమే మొదలయ్యాయి. నేను మాత్రం ఊరుకోలేదు. వెనక భవనంలో పాత మంచాలు పడేసిన గది ఒకటుంది, ఛాతీ ఓపీడీని అందులోకి మార్చమని సూపరింటెండెంట్‌ను అడిగాను.

"ఇన్నేళ్ళూ నడిచింది కదా సిస్టర్!" అన్నారాయన మరాఠీలో.

"నడవలేనివాళ్ళు మీదాకా రాలేదు సర్," అన్నాను.

రోజూ వెళ్ళి అదే మాట అడిగాను. నన్ను చూస్తే ఆయన ఫైల్లో తలదూర్చేవారు. చివరికి విసిగి సంతకం పెట్టారు. ఆ మంచాలను నేనూ ఆయమ్మా కలిసి బయటికి లాగాం.

మల్లయ్య కోలుకున్నాడు. ఆయన పోగొట్టుకున్న నెలల్లో నా తప్పు ఉంది, ఆ మాట ఎవరి ముందైనా ఒప్పుకుంటాను. తర్వాత ఏ విభాగంలో పనిచేసినా, గైర్‌హాజరు అని రాసేముందు లేచి వరండా చివరిదాకా వెళ్ళి చూసేదాన్ని. చాలాసార్లు అక్కడ ఎవరో ఒకరు గోడ పట్టుకుని మా గది వైపే వస్తూ ఉండేవారు.