గోడ మీద సున్నం గీత

ఆర్కిటెక్చర్ చివరి సంవత్సరం ప్రాజెక్టుకి నేను కార్మికుల ఆసుపత్రి ఎంచుకున్నాను. పటాన్‌చెరు ఫ్యాక్టరీల వెనక ఒక ఖాళీ సర్కారు స్థలం చూసుకుని, కొలతలు తీయడానికి స్నేహితురాలు కవితతో వెళ్లాను. స్థలంలో ఒక మూల సిమెంటు రేకుల ఇల్లు ఒకటే ఉంది. తలుపు వేసి ఉంటే ఎవరూ లేరనుకున్నాం. టేపు ఎక్కడ మొదలుపెట్టామో గుర్తుండాలని ఆ గోడ మీద సున్నంతో గీత గీశాను.

అవతలి హద్దు దాకా కొలిచి, చెట్లూ మురుగుకాలువా రాసుకుని తిరిగొచ్చేసరికి ఇంటి సామానంతా బయట ఉంది. ఒకావిడ స్టూలెక్కి పైకప్పు ఊడదీస్తోంది. మా కళ్లముందే ఒక రేకు జారిపడి ముక్కలైంది.

"అమ్మా, ఎందుకు తీస్తున్నారు?" అని అరిచాను.

"గీత గీస్తిరి గద బిడ్డా! ముందుగాల మేముండే కాడ గూడ గిట్లనే గీసిపోయిండ్రు. తెల్లారి జేసీబీ వచ్చింది. రేకులన్న దక్కుతయని తీస్తున్న."

"మేం కాలేజీ పిల్లలం. ఇది ఉత్త డ్రాయింగ్ కోసమే!"

ఆమెకు కోపం కూడా రాలేదు. "ఇయ్యాల గాకుంటే రేపొస్తరు తియ్" అంటూ కిందికి దిగింది. ముగ్గురం కలిసి మిగిలిన రేకులు ఎక్కించాం. పగిలిన రేకు చోట ఆకాశం అలాగే ఉండిపోయింది.

ఇంటికొచ్చి ప్లాను గీయడానికి కూర్చున్నాను. ఎన్నిసార్లు మార్చినా, అంబులెన్సు తిరగడానికి దారి ఆమె ఇల్లున్న మూల నుంచే పోతోంది. నా గీత చూసి ఆమె పొరబడిందని అప్పటిదాకా అనుకున్నాను.